క్యాంపస్‌లో స్వేచ్ఛావాద విద్యార్థి బృందం: మొదటి సమావేశం నుంచి ఒక నిబంధన మార్పించే దాకా

మనిషి జీవితంలో ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలనే లిబర్టేరియన్ (స్వేచ్ఛావాద) ఆలోచనలు నచ్చిన విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: యూనివర్సిటీలో దీన్ని పద్ధతిగా ఎలా మొదలుపెట్టాలి? అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే పోస్టర్లు అంటించి, ఒక మీటింగ్ పెట్టి, మూడో వారానికి నలుగురే మిగిలేసరికి డీలా పడినవాళ్లు.

స్వేచ్ఛావాదం గొప్పదని ఒప్పించడం ఈ వ్యాసం పని కాదు. ఏ పని తర్వాత ఏ పని చేయాలో మాత్రమే ఇందులో ఉంటుంది. ముందు చదవాలి, తర్వాత క్యాంపస్ నిబంధనలు తెలుసుకోవాలి, ఆపైన ఒకే ఒక సమస్య ఎంచుకోవాలి. జనంలోకి వెళ్లడం ఆఖరున. దాదాపు అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు.

ఎవరినీ బలవంతపెట్టకూడదనేది మీ సిద్ధాంతం కాబట్టి మీ బృందం నడిచే తీరు మీదే అందరి కన్నూ ఉంటుంది. ఆ సంగతి ప్రతి మెట్టులోనూ గుర్తుంచుకోండి.

1. మీలో ఎవరు ఎంతవరకు ఒప్పుకుంటారో తేల్చుకోండి

స్వేచ్ఛావాదులు బయటివాళ్లతో కంటే తమలో తామే ఎక్కువ పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట ఎక్కడ మొదలవుతుందో ముందే తెలిస్తే సగం గొడవ తప్పుతుంది.

దాదాపు అందరూ ఒప్పుకునేవి కొన్ని ఉన్నాయి. మనిషి తన శరీరానికి, తన శ్రమకు తానే యజమాని. ఎవరిమీదా ముందుగా చెయ్యెత్తకూడదు. ఇచ్చిపుచ్చుకోవడాలు ఇష్టపూర్వకంగా జరగాలి. ప్రభుత్వం ఒక ఆంక్ష పెడితే దానికి కారణం చూపాల్సిన భారం ప్రభుత్వానిదే.

ప్రభుత్వం ఎంత ఉండాలన్న దగ్గర దారులు చీలిపోతాయి. పోలీసులు, కోర్టులు, రక్షణ వరకు చాలన్నాడు తత్వవేత్త రాబర్ట్ నోజిక్. అవి కూడా మార్కెట్టే చూసుకోగలదన్నాడు ఆర్థికవేత్త ముర్రే రాత్‌బార్డ్. ఎవరూ ఒక కనీస స్థాయికి కిందికి పడిపోకుండా ప్రభుత్వం చూడొచ్చని ఆర్థికవేత్త హయెక్ ఒప్పుకున్నాడు. మరో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో నెగటివ్ ఇన్‌కమ్ ట్యాక్స్ (ఆదాయం ఒక హద్దుకంటే తక్కువున్నవాళ్లకు పన్ను బదులు ప్రభుత్వమే డబ్బివ్వడం) రూపంలో అలాంటి ఏర్పాటునే ప్రతిపాదించాడు. భూమి, సహజ వనరులు ఎవరి సృష్టీ కావు కాబట్టి వాటిని సొంతం చేసుకున్నవాళ్లు మిగతావాళ్లకు పరిహారం ఇవ్వాలనే వామపక్ష స్వేచ్ఛావాదులు కూడా ఉన్నారు.

మొదటి సమావేశంలో ఈ ప్రశ్నలకు ప్రతి ఒక్కరూ పేరు లేకుండా చీటీ మీద జవాబు రాయాలి:

☐ పన్నులన్నీ తప్పేనా, కొన్ని సమంజసమా?
☐ పిల్లల చదువుకు ప్రభుత్వం ఖర్చుపెట్టొచ్చా?
☐ పని కోసం దేశం దాటి వెళ్లే హక్కు అందరికీ ఉండాలా?
☐ మత్తుపదార్థాలు, జూదం పెద్దవాళ్ల ఇష్టానికి వదిలేయాలా?
☐ ఒక ప్రైవేటు కంపెనీ పెట్టే ఆంక్షలు కూడా స్వేచ్ఛకు ముప్పేనా?

చీటీలు చదివాక, అందరూ ఒప్పుకునేవి మాత్రమే పెట్టి అర పేజీ ప్రకటన రాయండి. మిగతా విషయాల్లో సభ్యుల మధ్య తేడాలున్నాయని అందులోనే ఒక వాక్యం చేర్చండి. రేపు ఎవరైనా మీ సభ్యుడి మాట పట్టుకుని "ఇదేనా మీ బృందం అభిప్రాయం?" అని నిలదీస్తే ఆ వాక్యమే అక్కరకొస్తుంది.

2. మొదటి ఆరు వారాల చదువు

ఈ మెట్టు దాటేసి నేరుగా ప్రచారంలోకి దిగిన బృందం ఎదుటివాళ్ల మొదటి గట్టి ప్రశ్నకే నీళ్లు నములుతుంది. ఆరు వారాలు చాలు. వారానికి పదిహేను, ఇరవై పేజీలకు మించొద్దు.

మొదటి వారం: జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో స్వేచ్ఛ గురించి రాసిన పుస్తకంలో రెండో అధ్యాయం. ఆలోచన, చర్చల స్వేచ్ఛ గురించి. క్యాంపస్‌లో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే.

రెండో వారం: ఫ్రెంచ్ రచయిత బాస్టియా 1850లో రాసిన వ్యాసంలో పగిలిన కిటికీ అద్దం కథ. కంటికి కనిపించే లాభం వెనక కనిపించని నష్టాన్ని ఎలా వెతకాలో నేర్పుతుంది.

మూడో వారం: సమాజంలో జ్ఞానం ఎలా చెదిరి ఉంటుందో, ధరలు దాన్ని ఎలా చేరవేస్తాయో వివరించే హయెక్ 1945 నాటి వ్యాసం. పన్నెండు పేజీలే. మెల్లగా చదవాలి.

నాలుగో వారం: నోజిక్ 1974 పుస్తకంలో ఏడో అధ్యాయం, ముఖ్యంగా బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ ఉదాహరణ. అందరూ ఇష్టపడి ఇచ్చిన చిల్లర ఒకడి దగ్గర పోగైతే అందులో అన్యాయం ఎక్కడుందన్నది అక్కడి ప్రశ్న.

ఐదో వారం: తత్వవేత్త జాన్ రాల్స్ 1971 నాటి న్యాయ సిద్ధాంతంలో రెండు సూత్రాలున్న భాగం. నోజిక్ వాదిస్తున్నది ఎవరితోనో అప్పుడు అర్థమవుతుంది.

ఆరో వారం: రాబర్ట్ హేల్ 1923 నాటి వ్యాసం. ఆస్తి హక్కులోనే బలవంతం దాగి ఉందనీ, బలవంతం లేని మార్కెట్ అనేదే లేదనీ ఆయన వాదన. లిబర్టేరియన్లు దీన్ని ఎక్కువగా చదవరు. అందుకే చదివి తీరాలి.

చివరి రెండు వారాలూ మీకు ఎదురు వాదించే రచనలే. వాటిని తీసేసి ఆ స్థానంలో మీకు నచ్చిన మరో ఇద్దరిని పెట్టుకోవాలనిపిస్తుంది. అలా చేస్తే అది భజన బృందం అవుతుంది.

తొంభై నిమిషాల సమావేశాన్ని ఇలా విడగొట్టండి. మొదటి పది నిమిషాలు అందరూ మౌనంగా ఆ వారం ముఖ్యమైన ఒకటి రెండు పేజీలు చదవాలి. సగంమంది చదవకుండానే వస్తారు, దాన్ని నేరంగా చూడకండి. తర్వాత పదిహేను నిమిషాలు రచయిత ఏమన్నాడన్నది మాత్రమే మాట్లాడాలి. తప్పా ఒప్పా అన్న చర్చ అప్పుడే వద్దు. ఆ తర్వాత నలభై ఐదు నిమిషాలు వాదన. చివరి ఇరవై నిమిషాలు ఈ వాదనను మన యూనివర్సిటీలోని ఏదో ఒక నిబంధనకు వర్తింపజేసి చూడాలి. ఈ చివరి భాగం లేకపోతే చర్చ మొత్తం నేల విడిచిన సాము అయిపోతుంది.

సమావేశం నడిపే వ్యక్తి వాదనలో దిగకూడదు. ప్రతి వారం ఆ బాధ్యత మారాలి.

3. ఎదుటివాళ్ల వాదనను వాళ్లే మెచ్చుకునేలా చెప్పడం నేర్చుకోండి

ఆర్థికవేత్త బ్రయన్ కాప్లాన్ 2011లో ఐడియలాజికల్ ట్యూరింగ్ టెస్ట్ అని ఒక పరీక్ష ప్రతిపాదించాడు. మీకు నచ్చని భావజాలాన్ని, అది నమ్మేవాళ్లు కూడా "వీడు మనవాడే" అనుకునేలా చెప్పగలరా అన్నదే ఆ పరీక్ష. బృందంలో చేయడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తెలియదు.

చేసే పద్ధతి సులువు. ఒక ప్రశ్న తీసుకోండి, ఉదాహరణకు కనీస వేతన చట్టం. మీ సభ్యులు ముగ్గురు, ఆ చట్టాన్ని నిజంగా సమర్థించే స్నేహితులు ముగ్గురు, అందరూ సమర్థిస్తున్నట్టే పేరు లేకుండా ఒక్కో పేరా రాయాలి. ఎవరివి నిజమైనవో మిగతావాళ్లు కనిపెట్టాలి. మీ పేరాలు వెంటనే దొరికిపోతే మీరింకా తయారుకానట్టే.

క్యాంపస్‌లో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని:

"ఆకలితో ఉన్నవాడు ఒప్పుకున్న జీతం ఇష్టపూర్వకమెలా అవుతుంది?" ఇది హేల్ ప్రశ్నే. ఒకరు బెదిరించడం, పరిస్థితి ఇబ్బందిపెట్టడం రెండూ ఒకటి కాదని మీరు చెప్పొచ్చు. కానీ ఆ తేడాతోనే వాదన ముగిసిపోదు. ఆ మనిషికి ఉన్న దారులు పెరిగేదెలాగో కూడా చెప్పగలగాలి.

"ఈ ఆస్తులన్నీ మొదట ఎలా వచ్చాయి?" ఇతరులకు తగినంత, అంతే మంచిది మిగలాలన్న షరతు జాన్ లాక్ పెట్టినదే. గతంలో అన్యాయంగా చేతులు మారిన ఆస్తికి దిద్దుబాటు జరగాలని నోజిక్ కూడా ఒప్పుకున్నాడు. ఆ దిద్దుబాటు ఎలా జరగాలో మాత్రం ఆయన తేల్చలేదు. మీరూ తేల్చినట్టు నటించకండి.

"కాలుష్యం సంగతేమిటి?" హక్కులు స్పష్టంగా ఉండి, బేరానికి ఖర్చు తక్కువైతే పక్షాలే పరిష్కరించుకోగలవని ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1960లో చూపించాడు. అయితే లక్షలమంది పీల్చే గాలి విషయంలో ఆ బేరానికి అయ్యే ఖర్చే అసలు అడ్డంకి అని కూడా ఆయన వ్యాసం నుంచే తెలుస్తుంది. మొదటి సగం మాత్రమే చెప్పి ఊరుకునేవాళ్లు తెలిసినవాడు ఎదురైతే దొరికిపోతారు. ఉమ్మడి వనరుల విషయంలో 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పని చదివితే, ప్రభుత్వం, ప్రైవేటు ఆస్తి అనే రెండు దారులకు బయట కూడా మాట్లాడగలుగుతారు.

"ప్రభుత్వ డబ్బుతో చదువుతూ ప్రభుత్వాన్నే తిడతారా?" దీనికి వెటకారంగా జవాబివ్వొద్దు. ఉన్న ఏర్పాటును వాడుకుంటూనే దాన్ని మార్చమని అడగొచ్చని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగండి.

4. నిబంధనల పుస్తకం చదవండి

విసుగు పుట్టించే పని. కానీ రెండు సాయంత్రాలు కూర్చుని ఇది చదివినవాళ్లు క్యాంపస్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. డీన్ ముందు మీ బలమంతా దీనివల్లే వస్తుంది.

సేకరించాల్సిన కాగితాలు:

☐ విద్యార్థుల ప్రవర్తనా నియమావళి
☐ విద్యార్థి సంఘాల గుర్తింపు నిబంధనలు
☐ హాల్, బహిరంగ స్థలాల బుకింగ్ పద్ధతి
☐ పోస్టర్లు, కరపత్రాలు, మైకుల మీద నిబంధనలు
☐ బయటి వక్తలను పిలిచే విధానం
☐ క్రమశిక్షణ విచారణ జరిగే తీరు
☐ ఫీజుల్లో ఏది ఎందుకు వసూలు చేస్తున్నారో చూపే పత్రం

చదువుతున్నప్పుడు మూడు రకాల వాక్యాల కింద గీత గీయండి. ఒకటి, "అభ్యంతరకరం", "అనుచితం" లాంటి ఎటైనా సాగే మాటలు. రెండు, అనుమతి ఇవ్వడానికి గడువు గానీ కారణం చెప్పే బాధ్యత గానీ లేని చోట్లు. మూడు, అప్పీలు లేని నిర్ణయాలు. మీకు కావాల్సిన సమస్య సాధారణంగా వీటిలోనే దొరుకుతుంది.

తర్వాత మీ సంస్థ మీద ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోండి. అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీలు భావప్రకటన స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగ మొదటి సవరణకు కట్టుబడాలి. ప్రైవేటువాటికి ఆ బంధం నేరుగా లేదు, అక్కడ సంస్థ తానే ఇచ్చిన హామీలు ముఖ్యం. అభిప్రాయాలు నచ్చలేదన్న కారణంతో ఒక విద్యార్థి సంఘానికి ప్రభుత్వ కాలేజీ గుర్తింపు నిరాకరించలేదని 1972లో హీలీ వర్సెస్ జేమ్స్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెచ్చింది వామపక్ష విద్యార్థి సంఘం. ఈ రోజు అక్కడ లిబర్టేరియన్ క్లబ్బులకు కూడా రక్షణ అదే. మీకు పడని సంఘం గొంతు నొక్కేస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

5. ఒకే ఒక సమస్య ఎంచుకోండి

ప్రపంచ వాణిజ్యం, సెంట్రల్ బ్యాంకు, డ్రగ్స్ చట్టాలు చర్చకు బాగుంటాయి. కానీ వాటిమీద మీ వైస్ చాన్సలర్ చేయగలిగిందేమీ లేదు. ప్రచారానికి ఎంచుకునే సమస్యకు ఈ నాలుగూ ఉండాలి:

☐ నిర్ణయం తీసుకునే అధికారి లేదా కమిటీ క్యాంపస్‌లోనే ఉండాలి
☐ మీ సిద్ధాంతంతో ఏ సంబంధమూ లేని విద్యార్థికి కూడా అది ఇబ్బందిగా ఉండాలి
☐ ఒక్క వాక్యంలో చెప్పగలగాలి
☐ ఒక విద్యా సంవత్సరంలో గెలిచే అవకాశం ఉండాలి

చిన్న సమస్య అని తీసిపారేయకండి. 1964లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో మొదలైన ఫ్రీ స్పీచ్ మూవ్‌మెంట్‌కు నిప్పు పడింది క్యాంపస్ గేటు దగ్గర కాస్త పేవ్‌మెంటు మీద రాజకీయ సంఘాలు టేబుళ్లు వేసుకోకూడదన్న ఆదేశంతోనే. మొదట్లో వామపక్ష సంఘాలతో పాటు రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ మద్దతుదారులు కూడా ఒకే పక్షాన నిలబడ్డారు. డిసెంబర్ 8న అధ్యాపకుల సెనేట్ 824 ఓట్లు అనుకూలంగా, 115 వ్యతిరేకంగా పడగా విద్యార్థుల వైపు మొగ్గింది.

పనికొచ్చే సమస్యలు చాలానే ఉంటాయి. పోస్టర్‌కు ముందస్తు అనుమతి, మాట్లాడటానికి క్యాంపస్‌లో ఒక్క మూలనే కేటాయించడం, తిండి అమ్మకం మొత్తం ఒకే కాంట్రాక్టర్ చేతిలో ఉండటం, హాస్టల్ గదుల తనిఖీకి హద్దు లేకపోవడం, క్రమశిక్షణ విచారణలో తోడుగా ఎవరినీ తెచ్చుకోనివ్వకపోవడం. నా ఉద్దేశంలో ఈ చివరిది చాలామంది పట్టించుకోని మంచి సమస్య. ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా చెప్పమనీ, జవాబివ్వడానికి సమయం ఇవ్వమనీ అడిగితే ఏ పక్షంవాళ్లూ కాదనలేరు.

విద్యార్థి యూనియన్‌లో తప్పనిసరి సభ్యత్వం, తప్పనిసరి ఫీజు లిబర్టేరియన్లకు ఇష్టమైన సమస్య. చేరని సంఘానికి డబ్బెందుకు కట్టాలన్న వాదన సూటిగా ఉంటుంది. అయితే ఎత్తుకునే ముందు ఇతర దేశాల్లో ఏం జరిగిందో చూడాలి. బ్రిటన్‌లో 1994 విద్యా చట్టం యూనియన్‌లో చేరకుండా ఉండే హక్కును, అలా ఉన్నందుకు అన్యాయంగా నష్టపోకుండా రక్షణను ఇచ్చింది. న్యూజిలాండ్‌లో 2011 నాటి చట్టంతో 2012 నుంచి సభ్యత్వం స్వచ్ఛందమైంది. అమెరికాలో 2000 నాటి సౌత్‌వర్త్ కేసులో సుప్రీంకోర్టు, అభిప్రాయాల మధ్య వివక్ష లేకుండా పంచితే ప్రభుత్వ యూనివర్సిటీ తప్పనిసరి ఫీజు వసూలు చేయొచ్చంది.

ఆస్ట్రేలియా అనుభవాన్ని ఇంకాస్త నిదానంగా చదవాలి. 2005 డిసెంబర్‌లో తెచ్చిన చట్టం 2006 జులై నుంచి అమలై, తప్పనిసరి యూనియన్ ఫీజును ఆపేసింది. చాలా క్యాంపస్‌లలో క్లబ్బులు, క్రీడలు, సలహా సేవలు చిక్కిపోయాయి. 2011లో ప్రభుత్వం మళ్లీ సేవల ఫీజుకు అనుమతించింది, కానీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగానే ఉంచి, ఆ డబ్బు రాజకీయ పార్టీలకు వెళ్లకూడదంది. కాబట్టి "ఫీజు రద్దు చేయండి" అని మాత్రమే అంటే, "మరి కౌన్సెలింగ్ ఎవరిస్తారు?" అన్న ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకోవాలి. సభ్యత్వాన్ని, సేవలను విడదీసి, వద్దనుకున్నవాళ్లు తప్పుకునే దారి ఇవ్వమని అడగడం మెరుగు.

6. గుర్తింపు, పదవులు, డబ్బు

గుర్తింపు ఉంటే హాల్ దొరుకుతుంది. దరఖాస్తుకు కావలసిన సంతకాలకంటే కొన్ని ఎక్కువే పెట్టండి. పదవులు మూడు చాలు: సమన్వయకర్త, కార్యదర్శి, కోశాధికారి.

డబ్బు విషయంలో ఒక చిక్కుంది. తప్పనిసరి ఫీజును వ్యతిరేకిస్తూ ఆ ఫీజు నిధి నుంచే గ్రాంటు తీసుకుంటే "శ్రీరంగ నీతులు" అని తప్పకుండా అంటారు. తీసుకోవడంలో తప్పులేదని వాదించొచ్చు, అందరూ కట్టిన డబ్బులో మీ వాటా కూడా ఉంది. కానీ ఆ వాదనకు ఖర్చయ్యే ఓపిక ఆ గ్రాంటుకంటే విలువైనది. చిన్న బృందానికి సభ్యుల చందాతోనే గడుస్తుంది. బయటి సంస్థ డబ్బిస్తే షరతులు రాతలో తీసుకుని, ఎవరిచ్చారో, ఎంతిచ్చారో బోర్డు మీద పెట్టండి.

7. టేబుల్ వేసి మనుషులను కలవడం

క్యాంపస్‌లో జనం నడిచే దారిలో ఒక టేబుల్, ఇద్దరు మనుషులు, ఒక ప్రశ్న. ఇంతకుమించి అక్కర్లేదు. ముగ్గురు నిలబడితే వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు.

లిబర్టేరియన్ బృందాలు చాలాకాలంగా వాడే సాధనం నోలన్ చార్ట్. డేవిడ్ నోలన్ 1971లో ప్రచురించాడు. ఎడమ, కుడి అని ఒకే గీత మీద కాకుండా వ్యక్తిగత స్వేచ్ఛ, ఆర్థిక స్వేచ్ఛ అనే రెండు కొలతల మీద మనుషుల అభిప్రాయాలను గుర్తిస్తుంది. దాని ఆధారంగా తయారైన పది ప్రశ్నల క్విజ్ కూడా ఉంది. జనాన్ని ఆపడానికి బాగా పనిచేస్తుంది. కానీ ఆ ప్రశ్నల కూర్పే జవాబును లిబర్టేరియన్ వైపు తోస్తుందన్న విమర్శలో నిజముంది. అందుకని మీ క్యాంపస్ నిబంధనల మీద మీరే ఐదు ప్రశ్నలు రాసుకోండి. జవాబు ఎటున్నా కాగితం మీద గుర్తుపెట్టి, నెలాఖరున ఫలితాలన్నీ అతికించండి, మీకు నచ్చనివి కూడా.

ఎవరైనా ఏమైనా రాయగలిగే తెల్ల గోడ మరో పద్ధతి. బూతులు వస్తాయి, మీ మీద తిట్లు వస్తాయి. చెరిపేయాలనిపిస్తే గోడ పెట్టకండి. ఒక వ్యక్తి పేరు పెట్టి బెదిరించే రాతను మాత్రం ఫొటో తీసి, తొలగించి, అధికారులకు ఇవ్వాలి. ఆ హద్దు ఏమిటో గోడ పక్కనే ముందుగా రాసిపెట్టండి.

ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లకు రెండు రోజుల్లోపు మెసేజ్ పంపాలి. వారం ఆగితే మిమ్మల్ని మరిచిపోతారు.

8. ప్రచారం నడిపే వరుస

ఇక్కడ తొందర పనికిరాదు. మెట్లు ఇవి:

మొదట, నిబంధనను మార్చి ఎలా రాయాలో మీరే రాయండి. "ఈ నిబంధన తీసేయండి" అనే బదులు "పోస్టర్‌కు అనుమతి అక్కర్లేదు, పరిమాణం, స్థలం, తేదీ నియమాలు పాటిస్తే చాలు" అని తయారు వాక్యం ఇస్తే కమిటీకి పని తగ్గుతుంది. స్థలం, సమయం, పద్ధతి మీద నియమాలుండటం సహజం. విషయం మీద నియంత్రణే మీ అభ్యంతరం.

తర్వాత, ఆ నిబంధన వల్ల నిజంగా ఇబ్బందిపడిన విద్యార్థులను వెతకండి. వాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా వివరాలు రాసుకోండి. మీతో ఏకీభవించని సంఘాలవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరికితే మీ వినతిపత్రం బరువు రెట్టింపవుతుంది.

మూడోది, సంబంధిత అధికారికి ఒక పేజీ ఉత్తరం. మర్యాదగా, గడువుతో. తర్వాత ముఖాముఖి. ఆ సమావేశానికి ఇద్దరే వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. ఆ రాత్రే "మీరు ఇలా అన్నారని మాకు అర్థమైంది" అని ఈమెయిల్ పంపండి. చాలా ప్రచారాలను గెలిపించేది ఆ ఈమెయిల్. మూడు నెలల తర్వాత "మేమలా అనలేదు" అనే మాటకు తావుండదు.

జవాబు రాకపోతే అప్పుడు సంతకాల సేకరణ. ఆపైన విద్యార్థి పత్రికలో వ్యాసం, బహిరంగ సభ. అధికారితో ముందు మాట్లాడకుండా నేరుగా సభ పెట్టినవాళ్లను ఆయన శత్రువులుగానే చూస్తాడు, చూడటంలో తప్పూ లేదు.

సగం ఇస్తామంటే? ముందస్తు అనుమతి ఉంటుంది కానీ ఇరవై నాలుగు గంటల్లో ఇస్తామంటే తీసుకోండి. తీసుకుని, మిగతా సగం ఇంకా అడుగుతున్నామని రాతలో చెప్పండి. అంతా లేదా ఏమీ వద్దు అనే సభ్యుడు ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. అతని మాట వినాలి, పగ్గాలు మాత్రం అతనికి ఇవ్వకూడదు.

రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం, ఆఫీసుకు తాళం వేయడం లాంటివి ఈ బృందానికి నప్పవు. ఇతరుల దారిని, పనిని బలంతో ఆపడమే అది. మిగతా ఉద్యమాలకు వాటి తర్కాలు ఉండొచ్చు, మీ సిద్ధాంతంలో మాత్రం దానికి చోటు వెతకడం కష్టం.

9. డిబేట్, అతిథి ఉపన్యాసం

ఒంటరి ఉపన్యాసం కంటే డిబేట్ మేలు. అవతలి పక్షానికి క్యాంపస్‌లో దొరికే గట్టి వక్తనే పిలవండి, బలహీనుణ్ణి తెచ్చి ఓడిస్తే చూసేవాళ్లకు తెలిసిపోతుంది. "స్వేచ్ఛ మంచిదా?" అనే అంశం ఎవరికీ పనికిరాదు. "ఈ యూనివర్సిటీ విద్యార్థి యూనియన్ సభ్యత్వాన్ని స్వచ్ఛందం చేయాలి" అంటే వాదనకు పదునొస్తుంది.

రెచ్చగొట్టడమే వృత్తిగా పెట్టుకున్న వక్తను పిలవొద్దు. అతనికి మాట్లాడే హక్కుంది, అతన్ని పిలిచే బాధ్యత మీకు లేదు. ఇవి రెండూ వేర్వేరని చాలా బృందాలు ఆలస్యంగా గ్రహిస్తాయి. అలాంటి సభ తర్వాత మీ నిబంధన మార్పు ఎవరికీ గుర్తుండదు, ఆ వక్త పేరొక్కటే గుర్తుంటుంది.

సభకు ముందు:

☐ హాల్ బుకింగ్ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవాలి
☐ భద్రత ఖర్చు ఎవరిదో రాతలో తేలాలి
☐ సభలో సగం సమయం ప్రశ్నలకు
☐ మొదటి ప్రశ్న వ్యతిరేకించేవాళ్లకు
☐ అరుపులు మొదలైతే ఎవరు లేస్తారు, ఏమంటారు అన్నది ముందే నిర్ణయం

బయట ప్లకార్డులు పట్టుకున్నవాళ్లు తమ హక్కు వాడుకుంటున్నారు. వాళ్లకు నమస్కారం పెట్టి లోపలికి రమ్మనండి. లోపల వక్తను మాట్లాడనివ్వకుండా కేకలు వేయడం వేరు. 1860లో బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక సభను అల్లరిమూక చెదరగొట్టాక ఫ్రెడరిక్ డగ్లస్ చేసిన వాదన ఇక్కడ పనికొస్తుంది: మాట్లాడేవాడి నోరు నొక్కితే వినేవాడి హక్కు కూడా పోతుంది. అరిచేవాళ్లకు మైకు దగ్గర రెండు నిమిషాలు ఇస్తామని చెప్పండి. ఒప్పుకోకపోతే నిర్వాహకులకు వదిలేయండి. మీ సభ్యులు చెయ్యి వేయకూడదు, ఎదురు నినాదాలు చేయకూడదు, ఫోన్ పట్టుకుని ఎవరి మొహంలోకీ వెళ్లకూడదు.

10. తరచూ కనిపించే పొరపాట్లు, వాటికి దిద్దుబాటు

సమావేశాలన్నీ ఊహాజనిత చిక్కుముళ్ల మీదే నడుస్తాయి. మునిగే పడవలో ఎవరిని వదిలేయాలి లాంటివి. కొత్తవాళ్లు రెండోసారి రారు. ప్రతి చిక్కుముడికి క్యాంపస్ నుంచి ఒక నిజమైన ఉదాహరణ జతచేయాలని నియమం పెట్టుకోండి.

బృందం నెమ్మదిగా ఒక పార్టీ తోకగా మారుతుంది. ఎన్నికల ముందు ఇది ఎక్కువ. బృందం పేరుతో ఏ అభ్యర్థికీ మద్దతు లేదని మొదటి అర పేజీ ప్రకటనలోనే చేర్చండి. సభ్యులు విడిగా ఏమైనా చేసుకోవచ్చు.

భావప్రకటన స్వేచ్ఛ అంటూ కొందరు కులం, మతం, లింగం, జాతి మీద ద్వేషం వెళ్లగక్కడానికే చేరతారు. వాళ్ల మాటలను నిషేధించమని యూనివర్సిటీని అడగక్కర్లేదు. మీ సంఘంలో ఎవరుండాలో తేల్చుకునే హక్కు మీకుంది, అది కూడా స్వేచ్ఛే. ఒకసారి చెప్పి చూడండి, మారకపోతే సంఘం నిబంధనల ప్రకారం సభ్యత్వం తీసేయండి. మీనమేషాలు లెక్కిస్తే మంచివాళ్లు ముందు వెళ్లిపోతారు.

అందరూ ఒకేలాంటివాళ్లు. అర్థశాస్త్రం చదివే అబ్బాయిలే మిగిలితే సమస్య ఎంపికలోనే తేడా వచ్చినట్టు. విచారణ హక్కులు, హాస్టల్ గది గోప్యత, విదేశీ విద్యార్థుల పని ఆంక్షలు తీసుకుంటే వచ్చే మనుషులు మారతారు.

మీ ప్రత్యర్థుల పోస్టర్ చించేస్తే మీరు మౌనంగా ఉంటారు. ఇది పొరపాట్లలోకెల్లా ఖరీదైనది. ఆ రోజే, వాళ్ల అభిప్రాయంతో ఏకీభవించం అంటూనే, ఆ పోస్టర్‌కు చోటుండాలని రాతపూర్వకంగా చెప్పండి.

11. తర్వాతివాళ్లకు అప్పగించడం

విద్యార్థి బృందాలు సిద్ధాంతం నచ్చక చావవు, చివరి సంవత్సరం పరీక్షలతో చస్తాయి. పరీక్షలకు మూడు నెలల ముందే కొత్త సమన్వయకర్తను ఎన్నుకోండి. పాతవాళ్లు ఆ మూడు నెలలూ పక్కన కూర్చుని చూడాలి, నడపకూడదు.

అప్పగించాల్సినవి:

☐ నిబంధనల కాగితాలు, మీరు గీసిన గీతలతో సహా
☐ అధికారులతో జరిగిన ఉత్తరాలన్నీ తేదీ వరుసలో
☐ ఖాతా లెక్కలు, మిగిలిన డబ్బు, బ్యాంకు సంతకాల మార్పు
☐ చదివిన రచనల జాబితా, ఏది నడిచిందో ఏది బోరు కొట్టిందో వ్యాఖ్యలతో
☐ ఈమెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డ్‌లు
☐ సగంలో ఉన్న ప్రచారం ఎక్కడ ఆగింది, తర్వాతి గడువు ఎప్పుడు

నిబంధన మారినా ఫైలు మూసేయకండి. ఆర్నెల్ల తర్వాత కొత్త బృందం ఒక సాదా పోస్టర్ తీసుకెళ్లి అంటించి చూడాలి. కాగితం మీద మారిన నిబంధన కౌంటర్ దగ్గరి ఉద్యోగికి చేరకపోవడం మామూలే. ఎవరైనా ఆపితే, మారిన నిబంధన ప్రతి ఒకటి ఆ ఉద్యోగికి ఇచ్చి, ఆపిన తేదీ, సమయం రాసుకుని, డీన్‌కు మళ్లీ ఒక పేజీ ఉత్తరం పంపాలి.